గిన్నె పట్టిన పిల్ల

జనవరి 8

మా అక్క లెయొనోర్ వచ్చింది. వెనక సినిమా సామానుతో రెండు వ్యాన్లు, ఒక లారీ. లారీ మా వీధి మలుపు తిరగలేక చర్చి దగ్గరే ఆగిపోయింది. తమ్ముడు అన్సెల్మో వెళ్ళి సామానంతా మోసుకొచ్చాడు. పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. ఆదివారం తప్ప గీసుకోని మనిషి, గురువారం నాడు గీసుకున్నాడు.

“దారిలో మంచుందా పెద్దక్కా? కొండ దిగేటప్పుడు బండి జారిందా? ఏమన్నా తిన్నావా?” ఒకటే ప్రశ్నలు. నాతో వారం రోజులకి కలిపి అన్ని మాటలుండవు.

శనగలు పంది చెవి వేసి వండాను, అమ్మ వండినట్టే. ఆవిడ శనగలు ఏరుకు తిని ముక్కలన్నీ పళ్ళెం అంచుకి నెట్టింది.

“మాంసం మానేశాను బెనీతా.”

“ఎప్పట్నుంచి?”

“చాలా ఏళ్ళయింది.”

మాద్రిద్‌లో ఉండేవాళ్ళు మానేయవచ్చు. ఈ కొండల్లో శీతాకాలం మాంసం మానేస్తే మిగిలేది గాలే.

జనవరి 9

ఆ నెట్టేసిన ముక్కల్ని అన్సెల్మో తిన్నాడు. ఆవిడ పళ్ళెంలోంచే.

జనవరి 11

లెయొనోర్ తీసే సినిమా సంగతి ఇవాళ తెలిసింది. మా ఊరి పాతకాలపు శీతాకాలమట. ఇంటింటికీ వరసగా పందులు కోసిన రోజులు. పదిహేనేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ, పందులు కోసే ఒక మనిషి. ఇంతే.

“మరి చెల్లెలు?” అన్నాను.

“చెల్లెలు లేదు.”

“పదిహేనేళ్ళ పిల్లవి నువ్వేగా. నీకు చెల్లెలుంది.”

“ఇది కథ, బెనీతా.”

ఇల్లు మా ఇల్లే. పెరడు మా పెరడే. పొయ్యి కూడా మాదే, దాని మసి కడగద్దని మరీ చెప్పి తీస్తున్నారు. నేను మాత్రం లేను. పొయ్యి పాటి కూడా చేయలేదన్నమాట.

జనవరి 13

ఆ పిల్ల వేషం వేసే అమ్మాయి పేరు ఐతానా. మాంసం పిసకడం నేర్పమని నా దగ్గరికి పంపారు. గోళ్ళు కత్తిరించుకోమన్నాను. కత్తిరించుకుంది. మంచి పిల్లే, నిష్ఠూరమాడటానికి ఏమీ దొరకలేదు.

పేగుల్లో కూరి చొరీసో చేయడానికి తొట్టిలో తరిగిన మాంసం, ఎర్ర మిరపపొడి, వెల్లుల్లి, ఉప్పు. మోచేతుల దాకా ముంచి పిసకాలి. చేతులు మంచుగడ్డలైపోతాయి. చేతులు పెట్టబోతుంటే ఆపాను.

“ముందు అడగాలి. నువ్వు పెట్టచ్చా?”

“ఏంటి పెట్టచ్చా?”

“నెలసరిలో ఉన్న ఆడది చెయ్యి పెడితే ఆ ఏడు చొరీసో అంతా కుళ్ళిపోతుంది. అందుకే ఇంటావిడ తొట్టి చుట్టూ నిలబడ్డ ఒక్కొక్కర్నీ అడుగుతుంది. పెట్టకూడనివాళ్ళు బయటికెళ్ళి కోళ్ళ దగ్గర కూర్చుంటారు.”

“అందరి ముందూనా? మగాళ్ళున్నా కూడానా?”

“మగాళ్ళు అప్పటికి తాగి పడుంటారులే.”

పడీపడీ నవ్వింది. “మీరూ కూర్చున్నారా అండీ, కోళ్ళ దగ్గర?”

కూర్చున్నాను. ఆ శీతాకాలమే నాకు మొదలైంది. పన్నెండేళ్ళు. మా ఇంటి వరస వచ్చిన రోజూ నేను బయటే, ఇంకో రెండిళ్ళలోనూ బయటే. లోపల్నుంచి నవ్వులు వినిపించేవి. లెయొనోర్ ఒక్క ఇంట్లో కూడా బయటికి రాలేదు. అదృష్టవంతురాలు అనుకునేదాన్ని. ఆవిడకి అన్నీ అలాగే కుదిరేవి.

జనవరి 14

గిన్నె సంగతి ఐతానాకి చెప్పలేదు. ఇక్కడ రాస్తాను.

ఎలాదియో బాబాయి మా నాన్న తమ్ముడు. ఊరంతటికీ పందులు కోసేది ఆయనే. కత్తి దిగగానే నెత్తురు మట్టి గిన్నెలో పట్టాలి, గడ్డకట్టకుండా చేత్తో కలుపుతూ ఉండాలి. అది ఆడపిల్ల పని. ఆయన ఎవర్ని పిలిస్తే వాళ్ళే. పిలిపించుకున్న పిల్లకి కాల్చిన తోక ఇస్తారు. కోత అయ్యాక కత్తులు కడగడానికి ఆయనతో వాగుకి వెళ్ళేది కూడా ఆ పిల్లే. రెండేళ్ళు లెయొనోర్‌ని పిలిచాడు. ఆ శీతాకాలం మొదటి ఇంట్లో నా వంక చూసి, “ఈ ఏడు చిన్నది పడుతుంది. ఎదిగింది కదా,” అన్నాడు. నేను గిన్నె అందుకున్నాను కూడా. లెయొనోర్ వచ్చి నా చేతుల్లోంచి లాగేసుకుంది. నన్ను ఒక్క తోపు తోసింది, బురదలో పడ్డాను. అందరూ నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు. “పెద్దదానికి కుళ్ళు చూడండర్రా,” అన్నాడు.

నలభై ఏళ్ళు దాటింది. ఆవిడకి గుర్తు కూడా ఉండదు.

జనవరి 17

గొడ్లని కాపాడే సాన్ అంతోనియో పండగ. గొడ్లని, కుక్కల్ని చర్చి ముందుకి తోలుకెళ్ళాం, ఫాదరు నీళ్ళు చల్లాడు. సినిమావాళ్ళు అది కూడా కెమెరాలో పట్టారు. లెయొనోర్ పక్కన అన్సెల్మో నిలబడి ఏ గాడిద ఎవరిదో చెబుతున్నాడు. ఆవిడ గాడిదల వంక చూడటం లేదు.

కాసిల్దా అత్త ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పండు ముసలి. మా ఊళ్ళో పాతవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే.

“మీ అక్క సన్నబడిందేమే. అక్కడ తిండి పెట్టరా?”

“సినిమా డైరెక్టర్లు తినరట అత్తా.”

“చేతులు మాత్రం అవే చేతులు. ఆ ఏడు ప్రతి ఇంటి తొట్టిలోనూ ఉన్నాయి ఆ చేతులు. మా ఇంటి దాకా.”

“నా చేతులూ బానే పనిచేసేవి.”

“నిన్నేం అనలేదే తల్లీ,” అంది ముసలావిడ. ఎందుకో నా మోచేయి నిమిరింది.

ఇంకా ఆవిడ చేతులనే పొగుడుతున్నారు. ఈ నలభై ఏళ్ళూ ఈ ఊళ్ళో తొట్టెలు పిసికింది నేను.

జనవరి 20

పందులు కోసేవాడి వేషానికి మాద్రిద్ నుంచి తెచ్చిన నటుడికి కత్తి పట్టుకోవడం రాదు. చెంచా పట్టినట్టు పట్టాడు. పంది కసాయిశాల నుంచి చచ్చే వచ్చింది, చట్టమట. చచ్చినదాని ముందే వాడు వెనక్కి జరిగాడు. లెయొనోర్ ఏదో పని మీద సలమాంకా వెళ్ళింది. ఆవిడ కింద పనిచేసే కుర్రాడు తల పట్టుకు కూర్చుంటే నేనే వెళ్ళి చెప్పాను.

“ముఖం చూపించకపోతే మా అన్సెల్మో చేస్తాడు. ఈ చుట్టుపక్కల వాడి చెయ్యి పోలిన చెయ్యి లేదు. మా బాబాయే నేర్పాడు. ఆయన నిలబడే తీరు కూడా అచ్చుగుద్దినట్టు దిగింది వాడికి.”

అన్సెల్మో మొదట వద్దన్నాడు. తర్వాత, “పెద్దక్కకి నచ్చుతుందంటావా?” అన్నాడు.

నచ్చుతుందన్నాను. తమ్ముణ్ణి నేనెలా తయారు చేశానో ఆవిడా చూడాలిగా. మొదట్నుంచీ నేనే పెంచాను. అమ్మ వాణ్ణి ఎత్తుకున్నది తక్కువ. వాడు పుట్టిన ఆ వేసవిలోనే లెయొనోర్‌ని మాద్రిద్‌లో సిస్టర్ల స్కూల్లో వేశారు. ఆవిడకి చదువు, నాకు ఉయ్యాల. స్విట్జర్లాండ్‌లో పనికి రమ్మని వాలెంతీన్ రెండుసార్లు అడిగాడు, పెళ్ళి చేసుకుని వెళ్దామని. అన్సెల్మోకప్పుడు ఏడేళ్ళు. వదిలి ఎలా వెళ్తాను?

జనవరి 22

పెట్టెలోంచి బాబాయి కార్డ్యురాయ్ కోటు, టోపీ తీసి ఇచ్చాను. అన్సెల్మోకి కొలత పెట్టి కుట్టినట్టు సరిపోయాయి. పెరట్లో బల్ల, బల్ల మీద పంది, పక్కన మోకాళ్ళ మీద ఐతానా, చేతుల్లో మట్టి గిన్నె. అన్సెల్మో కత్తి పట్టుకుని వంగి, ఆ పిల్లని కాస్త దగ్గరికి జరగమని చేత్తో సైగ చేశాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. బాబాయి చేసిన సైగే.

అప్పుడే లెయొనోర్ కారు దిగి పెరటి తలుపు తీసింది.

ఆపమని అరవలేదు. అక్కడే నిలబడిపోయింది. తర్వాత వచ్చి ఐతానా చేతుల్లోంచి గిన్నె తీసుకుంది. లాక్కుంది. అది కింద పడి పగిలింది, ఆవిడ గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.

“ఎవరు పెట్టారు ఇతన్ని ఇక్కడ?” అని అడిగింది. అన్సెల్మో వంక చూడకుండా అడిగింది.

“నేనే,” అన్నాను. అందర్నీ పంపేసింది.

అన్సెల్మో కోటు విప్పి మడత పెట్టాడు. ఇంటికొచ్చాక, “నేనేం తప్పు చేశాను అక్కా?” అన్నాడు.

“నీకు చేతకాదని. మొరటుగా ఉన్నావని. వాళ్ళ సినిమాకి పనికిరావట,” అన్నాను.

“పెద్దక్క అందా?”

“అంది.”

జనవరి 23

ఆవిడ ముఖంలో ఉన్నది అదే. నేను మాటల్లో పెట్టానంతే.

జనవరి 24

కాసిల్దా అత్త దగ్గరికి వెళ్ళాను. ఆవిడ బల్ల కింద కుంపటి పెట్టుకుని కూర్చుంది. నాకు సోంపు సారా పోసింది. పెరట్లో జరిగిందంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

“ఆ కోటు నువ్వే తొడిగావా వాడికి?”

“అవును.”

“నీకు నిజంగానే తెలీదటే? తెలిసే ఊరుకున్నావని అనుకున్నాం మేమంతా.”

తర్వాత చెప్పింది. ఆగకుండా, పప్పు ఏరుతున్నట్టు చెప్పింది. ఆ శీతాకాలం వరసలో ఆఖరి ఇల్లు వాళ్ళది. ఫిబ్రవరిలో వచ్చింది వాళ్ళ వంతు. తొట్టి చుట్టూ అందర్నీ అడుగుతూ లెయొనోర్ దగ్గరికొచ్చింది. నువ్వు పెట్టచ్చా అంటే, పెట్టచ్చంది. అప్పుడు తట్టిందట అత్తకి. నవంబరు నుంచి ప్రతి ఇంట్లోనూ ఈ పిల్ల ఇదే మాట చెబుతోంది. పదిహేనేళ్ళ పిల్ల మూడు నెలల్లో ఒక్క ఇంట్లో కూడా కోళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. తొట్టికి అవతల మా అమ్మ నిలబడుందట. అత్త మా అమ్మ వంక చూసింది. మా అమ్మ చేతులు మాంసంలో అలాగే ఆగిపోయాయి.

“ఒక్క అబద్ధమాడి ఒక్కరోజు బయట కూర్చున్నా ఎవరికీ తెలిసేది కాదు. చిన్నపిల్ల, దానికేం తెలుసు. చేతులు పెట్టచ్చా అని అడిగితే నిజం చెప్పింది.”

వారం తిరక్కుండా అమ్మ లెయొనోర్‌ని తీసుకుని సలమాంకా వెళ్ళిపోయింది. అమ్మ కడుపుతో ఉంది, డాక్టర్ల దగ్గర ఉండాలి, తోడు కావాలి అని మా నాన్న నాకు చెప్పాడు. ఆగస్టులో అమ్మ ఒక్కతే వచ్చింది, చేతుల్లో అన్సెల్మో.

“ఎవరు?” అన్నాను.

“వాగుకి కత్తులు కడగడానికి ఎవడు తీసుకెళ్ళేవాడే ఆ పిల్లని?” అంది అత్త. “ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. నువ్వు కోళ్ళ దగ్గరుంటివి.”

“తెలిసి ఆయన్ని మీ ఇళ్ళకి పిలిచారా మళ్ళీ?”

“పందులు ఎవరు కోస్తారే మరి?” అంది. సారా గ్లాసు వంక చూస్తూ అంది.

జనవరి 25

మంచు పడింది. కోళ్ళకి మేత వేశాను.

జనవరి 26

లెయొనోర్ తను దిగిన సత్రం నుంచి తనే వచ్చింది. అన్సెల్మో లేడు, మేకల దగ్గరికి వెళ్ళాడు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆవిడ ఇంకో కత్తి తీసుకుని ఎదురుగా కూర్చుంది. కాసేపు ఇద్దరం తరిగాం.

“కాసిల్దా చెప్పిందట,” అంది.

“చెప్పింది.”

“నేను చెప్పాల్సింది. సినిమా తీద్దామని వచ్చాననుకుంటున్నావు. చెప్పడానికి ధైర్యం చాలక సినిమా వెంటబెట్టుకొచ్చాను.”

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఇన్నేళ్ళూ గొంతులో ఉన్నది బయటికొచ్చేసింది.

“ఆ రోజు ఆయన నన్ను పిలిచాడు. గిన్నె నా చేతుల్లో ఉంది. ఎందుకు లాక్కున్నావు?”

లెయొనోర్ కత్తి కింద పెట్టింది. నా వంక చూసింది, నేను పన్నెండేళ్ళ పిల్లనైనట్టు.

“ఎందుకేంటి బెనీతా? నిన్ను పిలిచాడు.”

ఇంకా చెప్పాల్సిన పని లేదు. కళ్ళు తుడుచుకున్నాను, ఉల్లిపాయలు కాబట్టి సరిపోయింది.

మళ్ళీ కత్తి తీసుకుని, “అందుకే సినిమాలో చెల్లెలు లేదు. రాశాను, చాలాసార్లు రాశాను. ఆ పెరట్లో నిన్ను ఎక్కడ నిలబెట్టాలో తెలీలేదు. తీసేశాను,” అంది.

తర్వాత అసలు మాటకొచ్చింది. శరత్కాలంలో సినిమా బయటికొస్తుంది. ఊళ్ళో అందరూ చూస్తారు. అన్సెల్మో చూస్తాడు. అంతకు ముందే వాడికి తెలియాలి.

“నేను చెబుతాను. కానీ నువ్వు పెంచావు వాణ్ణి. నువ్వు వద్దంటే చెప్పను. ఆ సినిమా డబ్బాలోనే పెట్టి తాళం వేసేస్తాను.”

“అంత ఖర్చు పెట్టి?”

“అంత ఖర్చు పెట్టి.”

ఆలోచించుకుంటానన్నాను. వెళ్తూ వెళ్తూ కొక్కేనికి తగిలించిన వాడి పాత స్వెట్టర్ ముట్టుకుంది. మోచేతుల దగ్గర నేను రఫ్ఫు చేసిన చోట.

జనవరి 27

ఆవిడ నన్ను కాపాడింది. ఆ మాట మూడుసార్లు రాశాను, కొట్టేశాను. కాపాడింది. దానికి బదులు వాణ్ణి ఇవ్వాలా? ఆవిడ ఇవ్వమనలేదు. చెప్పనివ్వమంది. రెండూ ఒకటే. ఇవాళ చెబుతుంది, రేపు వాడు ఆవిడ కళ్ళలో తన కళ్ళు చూసుకుంటాడు. నేను వాణ్ణి పెంచిన నలభై నాలుగేళ్ళు ఒక పూటలో అక్క అనే మాట దగ్గర ఆగిపోతాయి. నిజానికి అక్కని కూడా కాదు. పిన్నిని.

వద్దంటాను.

జనవరి 28

వద్దనే చెబుతాను. రేపు.

జనవరి 30

అన్సెల్మో చెయ్యి తెగింది. ఎడమ అరచెయ్యి, లోతుగా. గొర్రె చర్మం తీస్తుంటే కత్తి జారింది. వాడికి కత్తి జారడం నేనెప్పుడూ చూడలేదు. డాక్టరమ్మ కుట్లు వేసింది. ఇంటికొచ్చి బల్ల దగ్గర కూర్చుని ఎడమ చెయ్యి వంకే చూసుకుంటున్నాడు.

“పెద్దక్క సరిగ్గానే చెప్పింది. మొరటు చేతులు. ఈ ఏడు మన పందిని ఇంకెవరి చేతైనా కోయిద్దాం. నేను పట్టను.”

“ఒరే, దానికీ దీనికీ ఏంట్రా?”

“ఆ రోజు నన్ను చూసి వాంతి చేసుకుంది అక్కా. నన్ను చూసి.”

సూప్ వేడి చేశాను. వెల్లుల్లి సూప్, గుడ్డు కొట్టి పోశాను. పళ్ళెం వాడి ముందు పెట్టాను. కుడి చేత్తో చెంచా పట్టుకుని ఊరికే ఉన్నాడు. మనిషంతా వాడిపోయాడు. ఈ వారం రోజుల్లో నా ఒక్క మాట చేసిన పని అది. వాణ్ణి ఆవిడకి దూరం చేద్దామనుకున్నాను. వాడు వాడి చేతులకే దూరమయ్యాడు.

అప్పుడు నేనే అంతా చెప్పేద్దామనుకున్నాను. నా నోటితో వినాలి, నా వంటింట్లో వినాలి, విని ఏడిస్తే నా దగ్గరే ఏడవాలి. నోరు తెరిచాను కూడా. చెబితే ఆవిడకి ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. అది నాకు బాగుందనిపించింది. బాగుందనిపించిందని తెలిసి నోరు మూసుకున్నాను.

“ఆవిడ అనలేదు,” అన్నాను.

“ఏది?”

“చేతకాదని. మొరటని. ఆవిడ అనలేదు. నేను కల్పించాను.”

వాడు తలెత్తాడు. కోపం రాలేదు, అదే నాకు కష్టమనిపించింది.

“ఎందుకు?”

“ఆవిడ వచ్చిన రోజు నువ్వు పొద్దున్నే గడ్డం గీసుకున్నావని.”

అర్థం కాలేదు వాడికి. నేను విడమరచలేదు.

“నిన్ను చూసి ఎందుకలా అయిందో ఆవిడనే అడుగు. సత్రంలో ఉంది. ఇప్పుడే వెళ్ళు. ఆవిడ ఏం చెప్పినా నిజమే చెబుతుంది. మధ్యలో లేవకు. అంతా విను.”

“నీకు తెలుసా?”

“మొన్ననే తెలిసింది. ఊళ్ళో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే.”

కోటు వేసుకుంటుంటే కట్టు కట్టిన చెయ్యి దూరలేదు. నేను పట్టి తొడిగాను. మెడ దాకా గుండీలు పెట్టాను, చిన్నప్పుడు స్కూలుకి పంపినట్టు. వెళ్ళాడు. సూప్ చల్లారింది. గిన్నెలు కడిగాను. గొళ్ళెం పెట్టలేదు.

జనవరి 31

రాలేదు.

ఫిబ్రవరి 1

మధ్యాహ్నం వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి. మేకల్ని తోలుకెళ్ళాడు, తోలుకొచ్చాడు. నిద్రపోయే ముందు, “ఆవిడ నన్ను ఒక్కసారే ఎత్తుకుందట అక్కా. వెంటనే తీసేసుకున్నారట,” అన్నాడు.

“అమ్మ తీసుకుంది.”

“తర్వాత నువ్వు.”

“తర్వాత నేను.”

ఫిబ్రవరి 2

సినిమావాళ్ళు వెళ్ళిపోతున్నారు. అన్సెల్మో ఆవిడతో మాద్రిద్ వెళ్తానన్నాడు, కొద్ది రోజులు. మేకల్ని నేను చూస్తానన్నాను. కారు దాకా వెళ్ళాను. లెయొనోర్ నన్ను కౌగిలించుకుంది. నాకు చేతులు ఎక్కడ పెట్టాలో తెలీలేదు. “నువ్వూ రా,” అంది.

“మేకలున్నాయి.”

కారు మలుపు తిరిగేదాకా నిలబడలేదు. చలిగా ఉంది.

ఫిబ్రవరి 4

ఫోన్ రాలేదు. ఫోన్ చేస్తానని వాడు చెప్పలేదు కూడా.

ఫిబ్రవరి 5

ఆవిడకి ఎన్ని గదుల ఇల్లు ఉందో. వాడికి ఏ గది ఇచ్చిందో. మంచం మీద దుప్పటి చాలుతుందో లేదో. వాడికి పాదాలు బయటికి వస్తాయి, అది ఆవిడకి తెలీదు. ఎప్పటికీ తెలీకపోతే బాగుండు.

ఫిబ్రవరి 8

మధ్యాహ్నం బస్సుకి దిగాడు. ఇంట్లోకి వచ్చి, బూట్లు విప్పి, నేరుగా పొయ్యి దగ్గరికెళ్ళి మూత తీశాడు.

“ఆకలేస్తోందేంట్రా?”

“చచ్చేంత. లెయొనోర్ వంటలో ఉప్పుండదు. ఆరు రోజులు అడగలేక చచ్చాను.”

లెయొనోర్ అన్నాడు. పెద్దక్క అనలేదు. ఇంకో మాటా అనలేదు. బహుశా ఇద్దరూ దాని గురించే కూర్చుని మాట్లాడుకుని ఉంటారు, ఏమని పిలవాలో తేలక పేరు దగ్గర ఆగి ఉంటారు. ఆ మాటలప్పుడు నేను లేను. మళ్ళీ ఈస్టరుకి వెళ్తానని చెప్పాడు. సరేనన్నాను.

రెండు పళ్ళేల నిండా తిన్నాడు. మూడోది పెట్టబోతే, “చాలక్కా,” అన్నాడు.

ఉప్పుండదట. సంతోషం వేసింది. ఎంత సిగ్గుమాలినదైనా, వేసింది.

ఇవాళ కూరలో ఉప్పు నేను కాస్త ఎక్కువే వేశాను.